ఎస్సార్ నగర్ చౌరస్తాలో విగ్రహం

ప్రశ్న: రోజూ హైదరాబాద్ ఎస్సార్ నగర్‌లో బస్సు దిగుతాను. చౌరస్తాలోని పోలీసు విగ్రహం ఎవరిదండీ?

జవాబు: ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రది. కడప ఎస్పీగా అక్కడి జనం ఈనాటికీ తలుచుకునే మనిషి. 1999 సెప్టెంబరు 4న ఈ ఎస్సార్ నగర్‌లోనే సిగ్నల్ దగ్గర ఆయన కారు ఆగగానే నక్సలైట్లు కాల్పులు జరిపారు. ఆయన కారు దిగి, చేతిలో ఆయుధం లేకపోయినా వాళ్ల వెంటపడి పరుగెత్తారు, అది గమనించి వాళ్లు వెనక్కి తిరిగి కాల్చేశారు. అప్పటికి ముప్పై మూడేళ్లే, తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ రోజు ఆయన గన్‌మన్, డ్రైవర్ కూడా ప్రాణాలొదిలారు, వాళ్లను మాత్రం మనం తలుచుకోం. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం, అమరుల పేర్లన్నీ చదువుతారు, వీలైతే వినండి.