పాఠకుల ప్రశ్నలు: వెలుగిచ్చే రాడికల్స్

ప్రశ్న: టీటీఎం రాడికల్ (ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న అణువు) తయారుచేశాం. అతినీలలోహిత దీపం కింద వెలుగు కనీకనిపించనట్టుంది, కాసేపటికి అదీ పోయింది. లోపం తయారీలోనా, అణువులోనా?

జవాబు: ముందు అణువు సంగతి. టీటీఎం, అంటే ట్రిస్(2,4,6-ట్రైక్లోరోఫీనైల్)మీథైల్, ఎంత శుద్ధంగా ఉన్నా ద్రావణంలో దాని ఉద్గార సామర్థ్యం (పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వాటా) 2 శాతం దగ్గరే. ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే శక్తి మెట్టు)లోకి కింది నుంచి ఎలక్ట్రాన్ ఎక్కడానికీ, ఆ ఒంటరి ఎలక్ట్రాన్ పైకి వెళ్లడానికీ దాదాపు ఒకే శక్తి కావాలి. అందుకే రెండు పరివర్తనలూ కలిసిపోతాయి. అట్టడుగు ఉత్తేజిత స్థితిలో వాటి ద్విధ్రువాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అందుకే వెలుగు అంత తక్కువ. పారా స్థానంలో ఒక క్లోరిన్ బదులు కార్బజోల్ అనే ఎలక్ట్రాన్‌దాత సమూహం తగిలిస్తే ఈ సమానత చెడిపోతుంది, సైక్లోహెక్సేన్‌లో సామర్థ్యం 50 శాతం దాటుతుంది. ధ్రువ ద్రావణిలో కొలిచి నిరాశపడకండి, అక్కడ అదే అణువు మసకబారుతుంది.

వెలుగు పోవడం మాత్రం కాంతి చేసిన పనే. ఉత్తేజిత టీటీఎం క్లోరిన్ పోగొట్టుకుని, రెండు వలయాలు అతుక్కుని ఫ్లోరెనైల్ రకం రాడికల్ అవుతుంది. దీపం తీవ్రత తగ్గించండి. తయారీ అంతా చీకట్లోనే జరగాలి.

1 మిల్లీమోల్ (554 మి.గ్రా.) హెచ్‌టీటీఎంను (మధ్య కార్బన్ మీద ఇంకా హైడ్రోజన్ ఉన్న మూల పదార్థం) 20 మి.లీ. పొడి టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) ద్రావణిలో కరిగించి, నైట్రోజన్ కింద 2 మిల్లీమోల్ (224 మి.గ్రా.) పొటాషియం టెర్ట్-బ్యూటాక్సైడ్ అనే క్షారం కలపండి. ఆ హైడ్రోజన్‌ను ప్రోటాన్‌గా కోల్పోయి ముదురు రంగు కార్బానయాన్ (కార్బన్ మీద రుణావేశం ఉన్న అయాన్) ఏర్పడటానికి కొన్ని గంటలివ్వండి. తర్వాత 2.5 మిల్లీమోల్ (615 మి.గ్రా.) పారా-క్లోరానిల్ (కార్బానయాన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగి దాన్ని రాడికల్ చేసే ఆక్సీకారిణి) వేసి గంటా రెండు గంటలు కలియబెట్టి, శుద్ధి కోసం సిలికా కాలమ్ ఎక్కించండి. టీహెచ్‌ఎఫ్‌లో తేమ ఉంటే కార్బానయాన్ ప్రోటాన్ తీసుకుని మళ్లీ హెచ్‌టీటీఎం అయిపోతుంది, క్లోరానిల్ ఎంత వేసినా లాభం లేదు. ఎన్‌ఎంఆర్ (అణు అయస్కాంత అనునాద) వర్ణపటంలో 6.7 పీపీఎం దగ్గర సన్నని శిఖరం కనిపిస్తే మిగిలింది ఆ హెచ్‌టీటీఎమ్మే.

ప్రశ్న: సేంద్రియ పదార్థాలతో చేసే దీపమైన ఓఎల్‌ఈడీలో, మామూలు ఫ్లోరసెంట్ అణువుల ఉత్తేజిత స్థితుల్లో నాలుగో వంతే (సింగ్లెట్లే) వెలుగిస్తాయంటారు, మిగతావి ట్రిప్లెట్లుగా వృథా అవుతాయంటారు. ఆ 25 శాతం పరిమితి టీటీఎం లాంటి రాడికల్‌కు ఎందుకు లేదు?

జవాబు: ఉత్తేజిత స్థితీ, భూస్థితీ రెండూ డబ్లెట్లే (ఒకే ఒంటరి స్పిన్ ఉన్న స్థితులే) కాబట్టి స్పిన్ నియమం అడ్డురాదు, ట్రిప్లెట్ గొడవ లేదు. 2018లో ఈ కుటుంబపు అణువుతోనే 710 నానోమీటర్ల వద్ద 27 శాతం బాహ్య సామర్థ్యం (పంపిన ఎలక్ట్రాన్లకు బయటికొచ్చే ఫోటాన్ల నిష్పత్తి) సాధించారు. కాకపోతే పొరలో రాడికల్స్ దగ్గరపడితే వెలుగు ఆరిపోతుంది. సీబీపీ (కార్బజోల్ ఉన్న ఒక సేంద్రియ పదార్థం) వంటి, రాడికల్‌ను పలచగా కలిపే ఆతిథ్య పదార్థంలో బరువులో 3 శాతం మించకపోతే మేలు.

ప్రశ్న: మా టీటీఎం నమూనా అయస్కాంత కొలతలో ససెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు), ఉష్ణోగ్రతల లబ్ధం గది వేడిమిలో 0.28 వచ్చింది, చల్లబరుస్తుంటే పెరిగింది. స్పిన్లు ఒకే దిశలో జతకడుతున్నట్టేనా?

జవాబు: తొందరపడకండి. ఒక్కో అణువుకు ఒక ఒంటరి స్పిన్ ఉంటే సీజీఎస్ ప్రమాణాల్లో ఆ లబ్ధం 0.375 రావాలి. 9 క్లోరిన్లూ 3 వలయాలూ కలిసి ఇచ్చే డయామాగ్నెటిక్ (జతకట్టిన ఎలక్ట్రాన్లు క్షేత్రాన్ని ఎదిరించే) వాటా మోల్‌కు సుమారు −0.0003, దాన్ని సవరించకపోతే 300 కెల్విన్ల వద్ద మీకొచ్చిన 0.28 సరిగ్గా వస్తుంది, చల్లబడేకొద్దీ పెరిగినట్టూ కనిపిస్తుంది. సవరించాక గీత సమతలంగా ఉంటే స్పిన్ల మధ్య చెప్పుకోదగ్గ అన్యోన్యత లేనట్టే. 0.30 దగ్గరే ఆగి సమతలమైతే నమూనాలో 80 శాతమే రాడికల్. అప్పుడు మళ్లీ కాలమ్ ఎక్కించాలి.