కారులో కుక్కను కట్టేటప్పుడు మెడకు కట్టొచ్చా?

ప్రశ్న: మా ల్యాబ్రడార్ బరువు 25 కిలోలు. కారెక్కితే చాలు, వెనక సీట్లోంచి ముందుకు దూకి గేరు మీద కాళ్లు వేస్తుంది. మావారు విసిగిపోయి దాని మెడ బెల్టుకి గొలుసు తగిలించి, హెడ్‌రెస్ట్ కడ్డీకి కట్టేశారు. ఇప్పుడు కుదురుగానే కూర్చుంటోంది గానీ చూస్తుంటే నాకే టెన్షన్‌గా ఉంది. ఇలా కట్టొచ్చా? మా అత్తయ్యగారైతే తన చిన్న కుక్కను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. అది పర్వాలేదా?

జవాబు: ముందు ఆ గొలుసు తీసేయండి. మీవారు కట్టాలనుకోవడం మంచి పనే, దాన్ని వదిలేసి నడపడం ఇంకా ప్రమాదం. కానీ మెడకు మాత్రం కట్టకూడదండీ. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని ఆగిపోయిందనుకోండి, లోపలున్న కుక్క ఆగదు, అదే వేగంతో ముందుకు పోతుంది. సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే ఎంత వేగం వస్తుందో అంత వేగం అది. 25 కిలోల ఒంటిని ఆ ఊపులో మెడ ఒక్కటే పట్టి ఆపాలంటే గొంతూ వెన్నూ ఏమైపోతాయో ఆలోచించండి. గట్టిగా బ్రేకు వేసినా గొంతు పట్టేసే అవకాశముంది.

దానికి కావలసింది ఛాతీని చుట్టి పట్టుకునే వెడల్పాటి హార్నెస్, అది కూడా కారు ప్రయాణం కోసం తయారు చేసినదే. వాకింగ్‌కి వాడేవాటిలో చాలావాటికి ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి, అవి ఆ దెబ్బకు పగిలిపోవచ్చు. ప్యాకెట్ మీద ‘క్రాష్ టెస్ట్ చేసినది’ అని కనిపించగానే నమ్మేయకండి, ఎవరు చేశారు, ఎంత బరువుతో చేశారు అని చూడండి. అమెరికాలోని సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ ఇలాంటివి తనే పరీక్షించి ఫలితాలు బయటపెడుతుంది, కొనేముందు ఒకసారి చూసుకుంటే మంచిది.

తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులుంటే కుక్క వెనక్కి గుంజుకుని బయటపడిపోతుంది. హార్నెస్‌ను వెనక సీటు బెల్టుకే కలపండి, హెడ్‌రెస్ట్ కడ్డీకి వద్దు. మధ్యలో ఉండే పట్టీ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు: కుక్క లేచి కూర్చోగలగాలి, పడుకోగలగాలి, సీటు అంచు దాటి మాత్రం రాకూడదు. చాలామంది పాపం ‘కాస్త తిరగనిద్దాం’ అని పొడుగ్గా వదులుతారు, అప్పుడు కట్టీ ప్రయోజనం ఉండదు. ఇంకోటి, సీటు బెల్టు ఊడదీసే ఎర్ర బటన్ మీద కుక్క కాలు పడితే టక్కున ఊడిపోతుంది. అందుకే ఆ బకిల్ దాని కాళ్ల కిందికి రాకుండా చూసుకోండి.

మొదట్లో గింజుకుంటుంది. కొన్నాళ్లు ఇంట్లోనే కాసేపు తొడిగి, తర్వాత ఇంజిన్ ఆపిన కారులో కూర్చోబెట్టి, ఇష్టమైన తిండి పెడుతూ అలవాటు చేయండి.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆ అలవాటు వెంటనే మానమనండి. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకుంటుంది, దానికీ ఆవిడకీ మధ్యలో కుక్క ఉంటే బతకడం కష్టం, ఆవిడకూ దెబ్బలు తప్పవు. చిన్న కుక్కకు వెనక భాగంలో క్రేట్, అంటే కుక్కను ఉంచే గట్టి పెట్టె, బాగుంటుంది, లేచి నిలబడి తిరగడానికి సరిపోయేంత ఉంటే చాలు. క్రేట్‌ను కూడా కారుకు గట్టిగా బిగించాలి, లేకపోతే కుక్కతో సహా అదే ఎగిరొచ్చి మీద పడుతుంది.

కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి, దుమ్మూ రాళ్లూ కళ్లలో పడతాయి. పవర్ విండో లాక్ వేసి ఉంచండి, కాలితో నొక్కేస్తాయి. దిగేటప్పుడు తలుపు తీయకముందే హార్నెస్‌కు లీష్ తగిలించి, ఆ కొస చేతికి చుట్టుకున్నాకే సీటు బెల్టు విప్పండి. బెదిరిన కుక్క తలుపు సందు దొరికితే చాలు, నేరుగా రోడ్డు మీదికే దూకేస్తుంది.