రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయకండి

ప్రశ్న: మా అమ్మాయికి కన్వీనర్ కోటాలో బీటెక్ సీటొచ్చింది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2 లక్షలు. మా చేతిలో 2 లక్షలున్నాయి. మా ఆదాయం ఏడాదికి 3.6 లక్షలు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. మిగతా 6 లక్షలు మావారు తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తామంటున్నారు. బ్యాంకులో తాకట్టు పెట్టడానికి మాకు ఆస్తి లేదు. ఏం చేయాలి? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ అప్పు తాలూకు ప్రోనోటు మీద మీవారిని సంతకం పెట్టనివ్వకండి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 6 లక్షలకు నెలనెలా 12 వేలు, అంటే మీ ఇంటి రాబడిలో 40 శాతం. నాలుగేళ్లలో వడ్డీకే 5.76 లక్షలు పోతాయి. ఆమధ్య ఒక తండ్రి తన ప్రోనోటు నకలు తెచ్చి చూపించారు. వెనకంతా చెల్లు రాసిన తేదీలే. చోటు చాలక ఇంకో కాగితం అంటించారు. కొడుకు చదువు పూర్తయినా అసలు మాత్రం రూపాయి తగ్గలేదు. ఆ కాగితం ఇంకా నా కళ్లముందే ఉంది.

తాకట్టు గురించి టెన్షన్ వద్దు. 7.5 లక్షల దాకా విద్యారుణానికి కేంద్రం గ్యారంటీ పథకం ఉంది. ఆస్తి గానీ, బయటివాళ్ల జామీను గానీ లేకుండా బ్యాంకులు ఇవ్వొచ్చు. రుణం అమ్మాయి పేరున ఉంటుంది, తండ్రి కూడా కలిసి సంతకం పెడతారు. 4 లక్షలు దాటితే ఖర్చులో 5 శాతం మీరు పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వడ్డీ రాయితీ. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపుంటే, న్యాక్ లేదా ఎన్‌బీఏ (కాలేజీల నాణ్యతను పరిశీలించే సంస్థలు) గుర్తింపున్న చోట వృత్తి విద్యా కోర్సు చదివేవాళ్లకు, కోర్సు కాలం, ఆపైన ఏడాది వడ్డీని కేంద్రమే భరిస్తుంది. మీకు ఇది వర్తించే అవకాశం చాలా ఉంది. కాలేజీకి ఆ గుర్తింపు ఉందో లేదో ముందు కనుక్కోండి. ఒకవేళ రాయితీ రాకపోయినా, ఏడాదికి లక్షన్నర చొప్పున 10 శాతం వడ్డీకి తీసుకుంటే నాలుగేళ్ల వడ్డీ లక్షన్నర దగ్గరే ఆగుతుంది.

చదువయ్యాక 6 లక్షల అసలును 10 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఈఎంఐ దాదాపు 7,900 పడుతుంది. అది అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. కట్టకపోతే తండ్రి సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి ఈ వారమే దరఖాస్తు చేయండి. అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ ఇచ్చే ఫీజు వివరాల లెటర్ కూడా పట్టుకుని, మీకు ఖాతా ఉన్న బ్యాంకుకు అమ్మాయిని తీసుకుని వెళ్లండి. దరఖాస్తు విద్యారుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టాలి. లోన్ రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా మొదటి విడత ఫీజు మీ 2 లక్షల్లోంచి కట్టి, రసీదు జాగ్రత్త చేయండి.