గుమ్మడికాయ చెక్కేటప్పుడు తెగేది కాయ పట్టుకున్న చెయ్యే

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పోయినేడాది హాలోవీన్ పండక్కి, లోపల దీపం పెట్టి ఇంటి ముందు ఉంచడానికి గుమ్మడికాయ మీద మొహం చెక్కుతుంటే మా వారి ఎడమ చూపుడువేలి మొదట్లో వంటింటి చాకు దిగింది. చిన్న గాటే. పసుపు అద్ది బ్యాండ్‌ఎయిడ్ వేశాం, మానిపోయింది. కానీ వేలికి ఒక పక్క ఇప్పటికీ స్పర్శ లేదంటున్నారు. ఈసారి మా తొమ్మిదేళ్ల బాబు తనే చెక్కుతానని పట్టుబట్టాడు. నాలుగేళ్ల పాప వాడి వెనకే. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారేమో ‘నలభై ఏళ్లుగా గుమ్మడికాయలు కోస్తున్నా, నాకివ్వండి’ అంటున్నారు. లోపల ప్రమిద వెలిగిద్దామనీ అంటున్నారు. మా వారి వేలు బాగవుతుందా? పిల్లల చేతికి కత్తి ఇవ్వొచ్చా?

జవాబు: ముందు మీ వారి వేలి సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఇప్పటికే ఆలస్యమైంది. ప్రతి వేలికీ రెండు పక్కలా రెండు స్పర్శ నరాలుంటాయి. పురికొసంత సన్నగా, చర్మానికి ఎంతో లోతులో కాకుండా వెళతాయి. చాకు మొన చిన్న గాటు పెట్టినా నరం తెగిపోవచ్చు. వేలిని కదిలించే కండరాలేమో ముంజేతిలో ఉంటాయి, వాటి స్నాయువులు వేలిదాకా వస్తాయి. అందుకే నరం తెగినా వేలు చక్కగా ముడుచుకుంటుంది. రక్తం ఆగింది, వేలు ముడుచుకుంటోంది కదా అని ఇంట్లో అందరూ ఊరుకుంటారు. మీ ఇంట్లో జరిగింది కూడా ఇదే అయి ఉంటుంది.

ఏడాది కావస్తున్నా స్పర్శ రాలేదంటే నరం తెగి ఉండే అవకాశమే ఎక్కువ. ఇక తనంతట తను వస్తుందని ఎదురుచూడకండి. చేతి శస్త్రచికిత్స నిపుణుడికి ఒకసారి చూపించండి. మొదటి వారం రెండు వారాల్లో కుట్టిన నరానికీ ఇన్నాళ్ల తర్వాత కుట్టిన నరానికీ ఫలితం ఒకేలా ఉండదు, ఆ మాట దాచను. ఇప్పుడైతే రెండు కొసలూ వెనక్కి లాక్కుపోయి, మధ్యలో వేరే నరం ముక్క వేయాల్సి రావచ్చు. మచ్చ మీద వేలితో తడితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందా అన్నది కూడా డాక్టర్‌కి చెప్పమనండి. తెగిన కొస గడ్డకట్టుకుంటే అలా అవుతుంది, దానికి చికిత్స ఉంది. మొద్దుబారింది బొటనవేలి వైపు పక్కైతే, చొక్కా బొత్తాం పెట్టుకోవాలన్నా, సూది పట్టుకోవాలన్నా ఇబ్బందే. వేడి పెనం అంచు తగిలినా తెలియదు కాబట్టి వంటింట్లో ఆ వేలిని కాచుకోమనండి.

ఇక ఈ ఏటి సంగతి. కత్తి పట్టిన చెయ్యి తెగుతుందేమోనని అందరూ జాగ్రత్తపడతారు. దెబ్బ తగిలేది ఎక్కువగా రెండో చేతికి. గుమ్మడికాయ పెచ్చు మందం, లోపలంతా తడి. వంటింటి చాకు సగం దిగి బిగుసుకుపోతుంది. దాన్ని బలంగా లాగుతాం, లేదా నెడతాం. అది ఒక్కసారిగా వదులై ఆవలి వైపు నుంచి పొడుచుకొస్తుంది. అక్కడ కాయ కదలకుండా పట్టుకున్న మన అరచెయ్యో వేళ్లో ఉంటాయి. కాబట్టి ఎంత పదునైన చాకు తెస్తే అంత క్షేమం అనుకోవద్దు. అమెరికాలోని చేతి శస్త్రచికిత్స నిపుణుల సంఘం కూడా ఇదే చెబుతుంది.

మీ అత్తగారి అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆవిడ చేతికి అలవాటైంది కత్తిపీట అయి ఉంటుంది. పీటను కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో కాయను పట్టుకుని కత్తి మీదికి నొక్కుతారు. కత్తి కదలదు, ఎక్కడుందో కంటికి తెలుసు. ఇక్కడ కాయ కదలదు, కత్తి కదులుతుంది, పైగా దాని మొన కాయ లోపల కనబడకుండా తిరుగుతుంటుంది. నలభై ఏళ్ల నేర్పు కూడా ఈ పనికి అంతగా సాయపడదు. ఆవిడకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి, చిన్నబుచ్చకండి.

అక్టోబరులో సూపర్ మార్కెట్లలో గుమ్మడికాయ చెక్కే కిట్ దొరుకుతుంది. అందులో పెన్సిలంత సన్నని చిన్న రంపం ఉంటుంది, అది తీసుకోండి. కోయకూడదు, రంపంలాగే కొంచెం కొంచెం పైకీ కిందికీ ఆడించాలి, మన వైపు కాకుండా అవతలి వైపు. చేతులూ పిడీ కాయా పొడిగా ఉండాలి, గదిలో వెలుతురు బాగుండాలి. ఇంకోటి, చాలామందికి తట్టనిది: ముందే మూత కోసి గుజ్జు తీసేయకండి. మొహం చెక్కడం అయ్యాకే మూత తీయండి. కాయ ముందే డొల్లయితే తెలియకుండానే ఒక చెయ్యి లోపలికి పోతుంది. రంపం మొన దిగేది అక్కడికే.

బాబుకు తొమ్మిదేళ్లంటున్నారు. కత్తీ వద్దు, రంపమూ వద్దు. కళ్లూ ముక్కూ పళ్లూ మార్కర్‌తో వాడినే గీయనివ్వండి, ఆ గీత మీదే మీరు కోయండి. మొహం తనది, కోత మీది అంటే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. పీచూ గింజలూ గరిటెతో తోడే పని కూడా వాడిదే. పాపకు చిన్న కాయ, రంగులు ఇచ్చి వేరే చోట కూర్చోబెట్టండి. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు, పక్కన పెద్దవాళ్లుంటే, చిన్న రంపం ఇవ్వొచ్చని నా అభిప్రాయం.

ఒకవేళ తెగితే పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్టు ఏవీ వద్దు. గాయం లోతు కనబడకుండా కప్పేస్తాయి, తర్వాత డాక్టర్ వాటిని కడగాల్సి వస్తుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టండి. ఊరికే ఎత్తి ఎత్తి చూడకండి. రక్తం ఆగాక ధారగా నీళ్లు పోసి కడగండి. పదిహేను నిమిషాలు నొక్కినా ఆగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆగినా సరే, వేలికి రెండు పక్కలా విడివిడిగా తాకి స్పర్శ ఉందా చూడండి. ప్రతి కణుపునూ విడిగా ముడవమనండి, చాపమనండి. ఏది తేడాగా ఉన్నా మర్నాటిదాకా ఆగకండి. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి, మురికి గాయమైతే ఐదేళ్లు, శుభ్రమైనదైతే పదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి.

ప్రమిద ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో నాకర్థమైంది. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. అప్పుడు చాలా తెలుగు ఇళ్ల ముందు గుమ్మడికాయ పక్కనే ప్రమిదలు వెలిగాయి. కానీ హాలోవీన్ రాత్రి మీ గడప దగ్గరికి పొడుగు గౌన్లు, సన్నటి నైలాన్ రెక్కలు వేసుకున్న పిల్లలు మిఠాయిల కోసం గుంపుగా వస్తారు, కాయ మీదికి వంగి చూస్తారు. లోపల బ్యాటరీ దీపం పెట్టండి. ప్రమిదలు దేవుడి దగ్గర వెలిగించుకోండి. ఎక్కడైనా కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి, ఐస్ వద్దు.

మీరు అడగలేదు గానీ, నాకు కత్తికంటే రోడ్డంటేనే ఎక్కువ భయం. అమెరికాలో 1975 నుంచి 2016 దాకా హాలోవీన్ సాయంత్రాలను వారం ముందు, వారం తర్వాత సాయంత్రాలతో పోల్చి చూశారు. ఆ సాయంత్రం వాహనాల కింద పడి చనిపోయిన పాదచారులు 43 శాతం ఎక్కువ. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో దాదాపు పది రెట్లు. మీ పాప సరిగ్గా ఆ వయసులోనే ఉంది. పాప చెయ్యి పెద్దవాళ్లెవరో ఒకరు పట్టుకునే ఉండాలి. నల్ల డ్రెస్సైతే వెలుగు పడితే మెరిసే టేపు అంటించండి, చేతికి టార్చి ఇవ్వండి. కళ్లకు అడ్డంపడే మాస్క్ బదులు మొహానికి రంగు మేలు.

మీ అత్తగారు ఆ కాయతో దప్పళం పెడతానంటే, ఆ రోజు తోడిన గుజ్జు వరకు ఫర్వాలేదు. రాత్రంతా బయట ఉన్న కాయ మాత్రం వండొద్దు. అసలు చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు నీళ్లు నీళ్లుగా ఉంటాయి, రుచి తక్కువ. వంటకు ‘పై పంప్‌కిన్’ (pie pumpkin) అని అమ్మే చిన్నవి తెప్పించండి. కోశాక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడమనండి. చేదుంటే ఆ కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.