పాఠకుల ప్రశ్నలు: పీహెచ్‌డీ సీటు, ఫెలోషిప్, ఉద్యోగంలో ఉంటూ పరిశోధన

ప్రశ్న: రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు గానీ పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వచ్చింది. జేఆర్‌ఎఫ్ కోసం మరో ఏడాది కోచింగ్‌కు వెళ్లాలా, ఇప్పుడే పరిశోధనలో చేరాలా? చేరితే నెల గడిచేదెలా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: సీటు దొరికితే చేరిపొండి. నెట్ ఫలితాలను మూడు తరగతులుగా ప్రకటించే పద్ధతి 2024 జూన్ పరీక్షతో మొదలైంది. జేఆర్‌ఎఫ్ రాకుండా పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే పనికివచ్చే మార్కులకు ఏడాదే గడువు ఉంటుంది. ఈ మార్కులను లెక్కలోకి తీసుకునే చోట వాటికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజి ఇస్తారు. కొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సొంత ప్రవేశ పరీక్ష కూడా నిర్వహిస్తాయి కాబట్టి నోటిఫికేషన్‌ను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. చేరినంత మాత్రాన జేఆర్‌ఎఫ్ దారి మూసుకుపోదు. దానికి సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, పరిశోధన చేస్తూనే రాయవచ్చు.

అసలు చిక్కు మార్కుల దగ్గర కాదు, పర్యవేక్షకుల (గైడ్‌ల) దగ్గర ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ఆచార్యులు ఏ సమయంలోనైనా ఎనిమిది మందికి, సహ ఆచార్యులు ఆరుగురికి, సహాయ ఆచార్యులు నలుగురికి మించి పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోకూడదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు గడువున్నవారు కొత్తవారిని చేర్చుకోకూడదు. బోధనా పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాని విభాగంలో సీట్లు ఎందుకు తగ్గిపోతాయో దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది. అందువల్ల దరఖాస్తుకు ముందే విభాగంలో ఎవరి దగ్గర ఖాళీ ఉందో, వారు ఏ అంశాల మీద పని చేస్తున్నారో కనుక్కుని, మీ ప్రతిపాదనను రెండు పేజీల్లో రాసుకుని వెళ్లి కలవండి. ‘మహిళా సాధికారత’ వంటి విశాలమైన శీర్షికతో వెళ్లేవారి కంటే, ఒక మండలంలో పంచాయతీ రిజర్వేషన్ మారినప్పుడు ఏం జరిగిందన్న ప్రశ్నతో వెళ్లేవారి మాట పర్యవేక్షకులు శ్రద్ధగా వింటారు.

ఇక డబ్బు సంగతి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. నెట్ ఫెలోషిప్ లేనివారికి హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 రూపాయలు ఇస్తారు. నగరంలో అది గది అద్దెకే సరిపోదని వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ మాత్రం ఆధారం దొరకడమూ అరుదే. ఎస్సీ, ఓబీసీ జాతీయ ఫెలోషిప్‌లకు నెట్ మార్కులే ఆధారం కాబట్టి, ఆ వర్గాలవారు నెట్ దరఖాస్తు సమయంలో సంబంధిత గడులు నింపడం మరచిపోకూడదు. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి డాక్టరల్ ఫెలోషిప్‌కు మాత్రం ముందుగా పీహెచ్‌డీలో నమోదై ఉండాలి. ఇప్పుడే చేరమనడానికి ఇది మరో కారణం. ఆ మండలి దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. పరిశోధక విద్యార్థులకు పరిశోధన పద్ధతులపై మండలి నిధులతో నడిచే పది రోజుల కోర్సులనూ గమనిస్తూ ఉండండి.

ప్రశ్న: విశ్వవిద్యాలయ సామాజికశాస్త్ర విభాగంలో సహాయ ఆచార్యుడిని. పాఠాలు, పరీక్ష పేపర్ల మూల్యాంకనంతోనే ఏడాది గడిచిపోతోంది. ముందుకు సాగడానికి నాకున్న మార్గాలేమిటి?
– ఒక అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే మాలవీయ మిషన్ కేంద్రాల రిఫ్రెషర్ కోర్సుల గురించి మీకు తెలిసే ఉంటుంది. అవి పదోన్నతికి పనికివస్తాయి, ఆలోచనకు ఎంత పనికివస్తాయో కోర్సును బట్టి ఉంటుంది. నా లెక్కలో వాటికంటే విలువైనది సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ప్రాజెక్టు. అది మంజూరైతే క్షేత్ర పర్యటనల ఖర్చు దొరకడమే కాక, మీ ఎం.ఏ. పూర్తి చేసిన విద్యార్థులు ఒకరిద్దరికి పరిశోధన సహాయకులుగా జీతమూ అనుభవమూ దొరుకుతాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం మూడేళ్ల నిరంతర సర్వీసు ఉన్న సహాయ ఆచార్యులకు అధ్యయన సెలవు తీసుకునే అవకాశం ఉంది. అమెరికాలో పరిశోధన చేయదలిస్తే ఫుల్‌బ్రైట్–నెహ్రూ ఫెలోషిప్‌లు అధ్యాపకులకు వేరుగా, పీహెచ్‌డీ విద్యార్థులకు ఆరు నుంచి తొమ్మిది నెలల వ్యవధితో వేరుగా ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. డబ్బు కడితే వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికల జోలికి మీరూ వెళ్లకండి, మీ విద్యార్థులనూ పంపకండి. థీసిస్ సమర్పణకు ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ 2022లోనే తొలగించింది. మంచి పత్రికల జాబితాగా చెలామణి అయిన ‘కేర్’ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది కాబట్టి, పత్రిక నాణ్యతను తేల్చే బాధ్యత ఇప్పుడు పూర్తిగా విభాగాల మీదే పడింది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయ విభాగం కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌ని. దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర పాసయ్యాను. నాలాంటివారు పీహెచ్‌డీ చేయవచ్చా?
– ఒక ఉద్యోగి

జవాబు: చేయవచ్చు. మీ డిగ్రీకి యూజీసీ గుర్తింపు ఉండి, 55 శాతం మార్కులు (రిజర్వేషన్ వర్గాలకు 50) వచ్చి ఉంటే సరిపోతుంది. పీహెచ్‌డీని దూరవిద్యలో చేయడం కుదరదు, పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. అందుకు మీ సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రంలో మూడు మాటలు స్పష్టంగా ఉండాలి: పార్ట్‌టైమ్ పరిశోధనకు అనుమతించామని, మీ విధులు అందుకు తగిన సమయం మిగులుస్తాయని, అవసరమైతే కోర్సువర్క్ (పీహెచ్‌డీలో భాగంగా హాజరు కావలసిన తరగతులు) కోసం విధుల నుంచి విడుదల చేస్తామని. మూడోది రాయించుకోకుండా చేరినవారు కోర్సువర్క్ దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. గడువు ఆరేళ్లు, తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు రికార్డుల మీద పని చేయాలనుకుంటే, అదీ ఆఫీసు వేళల్లోనే తెరిచి ఉంటుంది కనుక సెలవుల లెక్క ముందుగానే వేసుకోండి. చాలా రికార్డులు ఉర్దూ, పారసీ భాషల్లో ఉన్నాయి. ఆ లిపి రాకపోతే తెలుగు, ఇంగ్లిష్ ఆధారాలున్న అంశాన్నే ఎంచుకోండి.