కుడి కాలు సంగతి రాయలేదు నువ్వు

బాబూ,

ఆశీస్సులు. నీ స్నేహితుడి గురించి నువ్వు రాసి పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. స్నేహితుడు పోయిన దుఃఖం ఆరకముందే రాశావని తెలుస్తోంది. భాష బాగుంది. కానీ ఏడో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది. అందుకే వెంటనే జవాబు రాస్తున్నాను.

ఆ పేజీలో ఏం రాశావో మళ్లీ చూసుకో. మీవాడు శనివారం శనివారం వృద్ధాశ్రమానికి వెళ్లి అక్కడివాళ్ల గోళ్లు కత్తిరించేవాడు. ఒక మామ్మ మూడు వారాలు కాళ్లు చీర కిందికి లాక్కుంది. నాలుగో వారం ఎడమ కాలు మాత్రం ఇచ్చింది. ఇంతే, మూడు వాక్యాలు. ఆ వెంటనే సేవకు ప్రతిరూపం, మానవత్వానికి నిలువెత్తు నిదర్శనం అంటూ ఒకటిన్నర పేజీ. ఆ ఒకటిన్నర పేజీలో నీ స్నేహితుడు లేడు నాయనా. ఆ మాటలు ఏ సంతాప సభలో ఎవరి గురించైనా చెప్పుకోవచ్చు. వాడు ఉన్నది ఆ మూడు వాక్యాల్లోనే. అక్కడ ఆగకుండా పరిగెత్తావు.

నలభై ఏళ్లుగా నేను నమ్మిన మాట ఒకటుంది. సేవ గురించి రాసేవాళ్లు ముందుగా ఆ సేవను వద్దన్నవాళ్ల గురించి రాయాలి. ముసలివాళ్లు కన్నీళ్లతో చేతులు జోడించి "నువ్వు దేవుడివయ్యా" అనడం మన కథల్లో జరిగినంతగా బయట జరగదు. బయట వాళ్లు వద్దంటారు. సిగ్గుపడతారు, తిడతారు, ఈ కుర్రాడికి నాతో ఏం పని అని అనుమానపడతారు. ఇల్లు పోయి, డబ్బు పోయి, ఎప్పుడు తినాలో ఎప్పుడు పడుకోవాలో కూడా ఇంకొకరు చెప్పే చోట, ఆ మామ్మకు తన సొంతం అని మిగిలినవి ఆ రెండు కాళ్లే. వాటిని ఎవరికి ఇవ్వాలో ఆవిడే నిర్ణయించుకుంది. మీవాడు మూడు వారాలు ఆగాడు. బలవంతం చెయ్యలేదు, మానెయ్యనూ లేదు. వాడు ఎలాంటివాడో నాకు అక్కడ తెలిసింది.

వాడు చర్చి పిల్లాడు కదా, యోహాను సువార్త 13వ అధ్యాయం వాడికి తెలిసే ఉంటుంది. నువ్వూ ఒకసారి తీసి చదువు. యేసు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడుగుతుంటే వాళ్లలో పేతురు అనే ఆయన ఒప్పుకోడు. నా పాదాలు నువ్వు ఎన్నటికీ కడగకూడదంటాడు. ఆ మొండితనాన్ని రాసినాయన దాచలేదు. నేను క్రైస్తవురాలిని కాదు. అయినా ఆ ఘట్టం నా మనసులో ఉండిపోయిందంటే పేతురు వద్దనబట్టే.

పని గురించి కూడా సరిగ్గా రాయి. గోళ్లు కత్తిరించడం అంటే ఏంటో నీ పాఠకుడికి తెలియదు. ఆ వయసులో కాలిగోరు మందమవుతుంది. ముందు కాళ్లు గోరువెచ్చని నీళ్లతో కడగాలి. షుగర్ ఉన్నవాళ్లకైతే గోరు అడ్డంగా, సమంగా తియ్యాలి, మూలల్లో లోతుకి పోకూడదు. చిన్న గాటు పడినా పుండై కూర్చుంటుంది. ఇవన్నీ మీవాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? కనుక్కుని రాయి. పింఛనుకి వేలిముద్ర పడని తాతగారి చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టాడని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఆ వేళ్లు ఏం పని చేసి అరిగాయి? తాళ్లు లాగడం వల్లనా, మిరపకాయలు కోయడం వల్లనా? అది తెలిస్తే ఆ తాత కూడా మనిషవుతాడు.

నా సంగతి ఒకటి చెప్పాలి. గుంటూరులో 1842 నుంచీ లూథరన్ క్రైస్తవులు ఉన్నారు. మా వీధిలో చాలా ఇళ్లు వాళ్లవే. మా పెద్దమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడితే, వాళ్ల స్త్రీల సమాజం నుంచి ఒకావిడ ప్రతి గురువారం వచ్చేది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఎలా ఒత్తిగిలించాలో మాకు నేర్పింది ఆవిడే. మొదటిరోజు ఆవిడ ప్రార్థన చేస్తానంటే మా పెద్దమ్మ "ప్రార్థన వద్దు, జడ వెయ్యి" అంది. ఆవిడ గంటసేపు కూర్చుని కొబ్బరినూనె రాసి చిక్కులన్నీ తీసి జడ వేసింది. ఆ గంటా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

అది కథగా రాశాను. ఒక వారపత్రిక ఎడిటరు పెదవులు కదిలిన వాక్యం తీసెయ్యమన్నాడు, మతప్రచారం అవుతుందట. ఒక చర్చి పత్రికకు పంపితే "ప్రార్థన వద్దు" అన్న మాట తీసెయ్యమన్నారు, సంఘస్తులు నొచ్చుకుంటారట. ఇద్దరూ కలిసి ఆ ఇద్దరు ఆడవాళ్లనీ చంపేయబోయారు. నేను ఇవ్వలేదు. ఆ కథ పంతొమ్మిదేళ్లు పెట్టెలో ఉంది. ఇప్పుడు కూడా రెండు నిమిషాల్లో ఏడిపించే రచనలకే గిరాకీ. ఆ గిరాకీ చూసి రాయకు.

నువ్వు కూడా అదే భయంతో వాడి "వందనాలు మామ్మా"ని "నమస్కారం" చేశావని నా అనుమానం. వాడు ఏమన్నాడో అదే రాయి. వాడి విశ్వాసాన్ని దాచకు, వాడి తరఫున బోధించనూ వద్దు.

"వాడేమీ పేరున్నవాడు కాదు, ఎవరు చదువుతారు" అని అడిగావు. ఫ్రాన్స్‌లో జీన్ జుగాన్ అనే పేదావిడ 1839 చలికాలంలో చూపులేని ఒక ముసలమ్మను ఇంటికి తెచ్చి తన మంచం ఇచ్చేసింది. దిక్కులేని ముసలివాళ్లను చూసుకునే క్రైస్తవ సన్యాసినుల సంస్థ, లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్, అలా మొదలైంది. సికింద్రాబాద్‌లో కూడా వాళ్ల వృద్ధాశ్రమం ఉంది. కానీ ఒక ఫాదరు ఆ జీన్ జుగాన్‌ని పక్కకి తప్పించి తానే స్థాపకుడినని రాయించుకున్నాడు. ఇరవై ఏడేళ్లు మూలన ఉండి 1879లో ఆవిడ చనిపోయేనాటికి, పక్కనే ఉన్న చిన్న సిస్టర్లలో చాలామందికి ఆవిడెవరో తెలియదు. 2009లో పోప్ ఆవిణ్ణి సెయింట్‌గా ప్రకటించారు. అంత పెద్ద సంస్థలోనే అలా జరిగింది. మీవాణ్ణి చూసినవాడివి నువ్వున్నావు, తప్పించుకోకు.

కలంపేరు గురించి అడిగావు, ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ ఆదివారం ఆశ్రమానికి వెళ్లు. ఆ మామ్మ ఇంకా ఉందో లేదో చూడు, ఉంటే పక్కన కూర్చో. ఎడమ కాలు ఇచ్చిందన్నావు. కుడి కాలు ఎప్పుడిచ్చింది? అసలు ఇచ్చిందా? అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ