వంటింటి సందేహాలు: మీగడ కోడికూర ఎందుకు విరిగిపోతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటి విషయం ఒక్కటే. హోటల్లో తినే చిక్కని మీగడ చికెన్‌ను ఇంట్లో రాత్రి భోజనానికి తేలికగా వండుకోవడం ఎలాగో చెప్పమని అడిగారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ కూరకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: పోయిన ఆదివారం మా ఆడబిడ్డ వాళ్లు వస్తున్నారని మీగడ వేసి చికెన్ వండాను. అర కిలో బోన్‌లెస్ ముక్కలు, మూడు ఉల్లిగడ్డలు, మూడు టమాటాలు వేసి, కూర కుతకుత ఉడుకుతుండగా ఫ్రిజ్‌లో వారం రోజులుగా తీసి పెట్టిన మీగడను గిన్నెడు పోశాను. రెండు నిమిషాలలో కూరంతా రవ్వరవ్వగా విడిపోయి పైన నూనె తేలింది. పాలు మంచివి కావేమోనని మా అత్తమ్మ అంటున్నది. తప్పు పాలదేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పాలను అనుమానించవలసిన పని లేదు. మీ ఉత్తరంలోనే కారణాలు మూడు కనిపిస్తున్నాయి, వాటిలో మొదటిది ఆ మీగడ గిన్నెలోనే ఉన్నది. మన ఇళ్లలో ఫ్రిజ్‌లో పోగుచేసే మీగడ కూర కోసం తీసేది కాదు, వెన్న చిలికి నెయ్యి కాచడానికి తీసేది. చాలామంది దానిలో మొదటి రోజే చెంచాడు పెరుగు కలిపి పెడతారు. కలపకపోయినా వారం తిరిగేసరికి అది ఎంతో కొంత పులుస్తుంది. పొయ్యి మీద పోసే ముందు కొంచెం నాలుక మీద పెట్టుకొని చూస్తే ఆ పులుపు మీకే తెలిసిపోయేది. పాలలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తుకు పులుపూ వేడీ ఒకేసారి తగిలితే అది గడ్డకడుతుంది. కాగిన పాలలో నిమ్మరసం పిండి పనీరు చేసేది ఈ గుణాన్ని బట్టే. మీరు పులిసిన మీగడను, మూడు టమాటాల పులుపు ఉన్న రసంలో, అది కుతకుత ఉడికే సమయంలో పోశారు కనుక, తెలియకుండానే చికెన్ కూరలో పనీరు చేశారన్న మాట.

కాబట్టి తాజా మీగడ వాడండి. ఆ రోజు ఉదయం కాచి చల్లార్చిన పాల మీద నుండి తీసిన మీగడైనా సరే, దుకాణంలో దొరికే ఫ్రెష్ క్రీమ్ అయినా సరే. ఇంటి మీగడలో తరకలు ఉంటాయి కనుక, రెండు చెంచాల చల్లని పాలు చేర్చి నునుపయ్యే వరకు మాత్రమే గిలక్కొట్టాలి. మిక్సీలో వేసి మరచిపోతే వెన్న ముద్ద చేతికి వస్తుంది. డబ్బాలో అమ్మే ఫ్రెష్ క్రీమ్‌లో సాధారణంగా నూటికి 25 పాళ్ల కొవ్వు ఉంటుంది. క్రీమ్‌లో కొవ్వు పెరిగినకొద్దీ మాంసకృత్తుల వాటా తగ్గుతుంది, కనుక 35 పాళ్ల కొవ్వు ఉన్న పాల క్రీమ్ వేడిని మరింత ఓర్చుకుంటుంది. కేకుల మీద పూసే తీపి విప్పింగ్ క్రీమ్ చాలావరకు వనస్పతి నూనెలతో, చక్కెరతో చేసినది. డబ్బా చూసి మోసపోయి దానిని కూరలో పోయవద్దు.

అయితే నా అభిప్రాయంలో, చిక్కదనం కోసం మీగడ మీద ఆధారపడడమే అసలు పొరపాటు. ఈ కూరకు చిక్కదనాన్ని ఉల్లిగడ్డ, కాజు ఇస్తాయి. మీగడ ఇచ్చేది నునుపు, కమ్మదనం మాత్రమే. అది తెలిస్తే గిన్నెడు పోయవలసిన చోట చిన్న కప్పుతో సరిపోతుంది.

నలుగురికి సరిపడేలా నేను వండే పద్ధతి చెబుతాను. అర కిలో బోన్‌లెస్ తొడ ముక్కలకు ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, ఒక పెద్ద చెంచా అల్లం ఎల్లిగడ్డ ముద్ద, మూడు చెంచాల కమ్మని పెరుగు పట్టించి అరగంట పక్కన పెట్టాలి. ఈలోపు పదిహేను కాజులను వేడినీళ్లలో నానబెట్టి, నానిన తరువాత మెత్తగా రుబ్బుకోవాలి. వెడల్పాటి కడాయిలో రెండు చెంచాల నూనె బాగా కాగిన తరువాత ముక్కలను రెండు దఫాలుగా వేయించాలి. ఈ రెండు దఫాల మాట చాలామంది పట్టించుకోరు. ముక్కలన్నిటినీ ఒకేసారి గుమ్మరిస్తే కడాయి వేడి దిగిపోయి, ముక్కల నుండి ఊరిన నీరు ఇగరకుండా నిలిచిపోయి, అవి వేగడానికి బదులు ఉడుకుతాయి. ముక్కకూ ముక్కకూ నడుమ వేలెడు సందు ఉండేలా పరచి, కదపకుండా రెండు నిమిషాలు వదిలితే అడుగు బంగారు రంగుకు తిరుగుతుంది. అప్పుడు తిప్పి, రెండో వైపు కూడా వేగిన తరువాత పళ్లెంలోకి తీసుకోవాలి. లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది కనుక ఆ పళ్లాన్ని వడ్డనకు వాడకూడదు.

అదే కడాయిలో ఒక చెంచా వెన్న వేసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిగడ్డలు, చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు వేసి, ఉల్లిగడ్డ రంగు మారకుండా మెత్తబడే వరకు సన్నని మంట మీద మగ్గనివ్వాలి. కడాయి అడుగున అంటుకున్న గోధుమరంగు చెక్కు కూరకు రుచినిస్తుంది. గ్లాసు నీళ్లు పోసి గంటెతో గీకితే అది రసంలో కలుస్తుంది. కాజు ముద్ద కలిపి అయిదు నిమిషాలు ఉడికించి, ముక్కలను వాటి నుండి ఊరిన రసంతో సహా తిరిగి వేసి, మూతపెట్టి మరొక పది నిమిషాలు మగ్గించాలి. బొక్కలతో ఉన్న ముక్కలైతే ఇంకొంత సమయం కావాలి.

మీగడ పోసే ఘట్టం దగ్గర తొందరపడకూడదు. పొయ్యి ఆర్పి, కూర బుడగలు ఆగే వరకు రెండు నిమిషాలు నిలవాలి. చిన్న గిన్నెలో అర కప్పు మీగడ తీసుకొని, కడాయిలోని వేడి రసాన్ని ఒక గంటె, తరువాత మరొక గంటె అందులో పోసి కలిపితే చల్లని మీగడ గోరువెచ్చగా అవుతుంది. దానిని సన్నని ధారగా కూరలో పోస్తూ కలిపి, నలిపిన కసూరి మేథీ చిటికెడు చల్లి మూతపెట్టాలి. మళ్లీ పొయ్యి వెలిగించవలసిన అవసరం లేదు. టమాటా తప్పదనుకుంటే ఒక్కటి చాలు, అదీ పచ్చివాసన పోయి నూనె తేలే వరకు ముందే వేగాలి.

విరిగిన కూరను పారబోయవద్దు. గడ్డకట్టిన మాంసకృత్తు తిరిగి పాలుగా మారదు కానీ దాని రవ్వతనాన్ని దాచవచ్చు. ముక్కలు పక్కకు తీసి, రసాన్ని చల్లార్చి, నాలుగు నానిన కాజులు చేర్చి మిక్సీలో తిప్పితే నునుపవుతుంది. వేడి రసాన్ని మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలుతాయి కనుక చల్లారిన తరువాతే తిప్పండి.

ప్రశ్న: కాజీపేటలో గది అద్దెకు తీసుకొని ఉంటున్నాను. ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక కడాయి ఉన్నాయి. మిక్సీ లేదు, క్రీమ్ డబ్బా కొంటే సగం పాడైపోతుంది. పాలతో ఈ కూర చేయవచ్చునా? ఇంతకు ముందు బ్రెస్టు ముక్కలతో ప్రయత్నిస్తే పీచుపీచుగా వచ్చింది.
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: పాలతో నిశ్చింతగా చేయవచ్చు, కానీ పాలను నేరుగా పోయకూడదు. కోడి రొమ్ము భాగంలో కొవ్వు బహు తక్కువ, అందువల్ల ఉడకవలసిన దాని కంటే నాలుగు నిమిషాలు ఎక్కువ ఉంటే చాలు, నీరు పిండుకుపోయి పీచవుతుంది. దుకాణంలో తొడ మాంసం అడిగి తీసుకుంటే ఆ బెడద తగ్గుతుంది. బ్రెస్టే ఉంటే, పీచుకు అడ్డంగా వేలి మందాన కోసి, రెండు వైపులా కలిపి అయిదారు నిమిషాలు వేయించి తీసేయండి. మందంగా ఉన్న ముక్కను విరిచి చూస్తే లోపల గులాబీ రంగు ఉండకూడదు. ముక్క నడుమ వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే హానికర క్రిములు చస్తాయన్నది లెక్క.

ముక్కలు తీసిన కడాయిలోనే ఒక పెద్ద చెంచా వెన్న కరిగించి, చితక్కొట్టిన ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, అవి వాసన వచ్చాక ఒక పెద్ద చెంచా మైదా వేసి, పచ్చివాసన పోయే వరకు నిమిషం పాటు కలపండి. మైదా ఎర్రబడకూడదు. గ్లాసు పాలను, అంటే పావు లీటరును, మొదట నాలుగు చెంచాలు పోసి ముద్దలా కలిపి, ఆ తరువాత కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఒక్కసారిగా పోస్తే మైదా ఉండలు కడుతుంది. మైదాలోని పిండి పదార్థం ఉబ్బి రసాన్ని చిక్కబరచడమే కాక, పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది. గంటె వెనుక వైపు వేలితో గీస్తే గీత నిలిచేంత చిక్కబడినప్పుడు ఉప్పు, మిరియాల పొడి వేసి, ముక్కలను తిరిగి చేర్చి రెండు నిమిషాలు ఉంచితే కూర తయారవుతుంది. వాడకం కోసం తెచ్చే పాల ప్యాకెట్ మీద ఫుల్ క్రీమ్ అని ఉంటే కొవ్వు కనీసం 6 శాతం, టోన్డ్ అని ఉంటే 3 శాతం. ఈ కూరకు మొదటిది మేలు.

ఇండక్షన్ పొయ్యిలో ఒక తిరకాసు ఉంది. చాలా పొయ్యిలు తక్కువ వేడి పెట్టినప్పుడు నిలకడగా మండవు; కాసేపు పూర్తి వేడి ఇచ్చి, కాసేపు ఆగి, మళ్లీ వేడి ఇస్తాయి. ఆ మధ్యలో పాలు అడుగంటుతాయి. కనుక పాలు పోసినప్పటి నుండి గంటెను అడుగుకు ఆనించి తిప్పుతూనే ఉండాలి, ఫోను మోగినా సరే.

ప్రశ్న: పిల్లలకు కారం పడదు, కానీ హోటల్లో లాగా ఎర్రని రంగు లేకపోతే తినమంటున్నారు. రంగు పొడి వేయడం నాకు ఇష్టం లేదు. మరేదైనా మార్గం ఉన్నదా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మార్గం మీకు దగ్గరలోనే పండుతున్నది. వరంగల్, ములుగు ప్రాంతాల రైతులు పండించే చపాటా మిర్చి టమాటా లాగా గుండ్రంగా, ముదురు ఎరుపు రంగులో ఉంటుంది, కారం మాత్రం తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లే బంధువులు ఎవరైనా ఉంటే కాయలే తెప్పించుకొని, తొడిమలు, గింజలు తీసి పొడి కొట్టుకోండి. పచ్చళ్ల కోసం ఎలాగూ కొనే ఇళ్లలో కొంచెం పక్కకు తీసి పెట్టుకుంటే సరిపోతుంది.

మిరపలోని ఎర్రని రంగు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుచేత పొడిని ఉడికే రసంలో చల్లితే రంగు వెలవెలబోతుంది. ఉల్లిగడ్డ మగ్గిన తరువాత పొయ్యి ఆర్పి, కడాయి అడుగున తేలిన వెన్నలో రెండు చెంచాల పొడి వేసి, పదిహేను, ఇరవై క్షణాలు కలిపి, వెంటనే నీళ్లు పోయండి. నూనె ఎర్రగా మెరుస్తుంది. మంట మీద ఉంచితే మాత్రం ఒక్క క్షణంలో పొడి మాడి చేదెక్కుతుంది, ఆ చేదును ఎంత మీగడ పోసినా పోగొట్టలేము. ఈ రకం వండేటప్పుడు పచ్చిమిరపకాయలు మానేయండి.

ప్రశ్న: రాత్రి మిగిలిన మీగడ చికెన్ మరుసటి రోజు తినవచ్చునా? దీనిలోకి అన్నమా, రొట్టెనా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: వండిన రెండు గంటలలోపు, నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో అయితే గంటలోపే, వెడల్పాటి గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజు తినవచ్చు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టవద్దు, కరిగేటప్పుడు మీగడ నీళ్లు విడుస్తుంది. వేడి చేసేటప్పుడు రెండు చెంచాల పాలు చేర్చి, సన్నని మంట మీద కలుపుతూ, ముక్క లోపలి వరకు పొగలు కక్కేలా వేడెక్కించాలి.

బగారన్నంలోకి ఈ కూర వడ్డించడం నాకు నచ్చదు. అన్నంలోని నెయ్యి, మసాల, కూరలోని కాజు, మీగడ కలిసి రెండు ముద్దలకే వెగటు పుడుతుంది. బగారన్నానికి మన పల్చని కారం కోడికూరే తగినది. దీనికి జొన్నరొట్టె సరిజోడు. పెనం మీద నుండి అప్పుడే తీసిన రొట్టెను తుంచి ముంచితే ఆ గరుకుదనానికి చిక్కని రసం చక్కగా పడుతుంది, పక్కన కోసిన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మచెక్క ఉంటే చాలు. నిమ్మరసం మాత్రం కంచంలోనే పిండుకోండి, గంజులో కాదు.